సాగు లెక్కలు: ఆ మూడు బస్తాలు ఎక్కడివి?

దిగుబడిలో కనిపించిన తేడాను నమ్మాలా వద్దా? ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఈ ఒక్క సందేహం చుట్టూ తిరిగాయి. జవాబుల్లో బస్తా అంటే 75 కిలోలు, ఎకరం అంటే 100 సెంట్లు. దిగుబడులు, ఖర్చుల అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. వాటి స్థానంలో మీ అంకెలు పెట్టుకుని చూసుకోండి.

ప్రశ్న: గత సార్వాలో (ఖరీఫ్‌లో) నా రెండెకరాల్లోనూ స్వర్ణ రకం వరే ఊడ్చాను. కాలువ వైపు ఎకరానికి చిరుపొట్ట దశలో 15 కిలోల పొటాష్ అదనంగా వేశాను, మురుగు కాలువ వైపు ఎకరానికి వెయ్యలేదు. వేసినచోట 32 బస్తాలు, వెయ్యనిచోట 29 వచ్చాయి. మొదటి ఎకరం మిషన్‌తో కోయించి వెంటనే కాటా వేశాం. రెండోది కూలీలతో కోయించి, పనలు ఆరాక నూర్చాం. పొటాష్ మూడు బస్తాలు ఇచ్చినట్టేనా అండీ?
— రైతు, ఆలమూరు మండలం

జవాబు: ముందు కాటా దగ్గరే ఆగాలి. మిషన్ కోసిన ధాన్యంలో తేమ 22 శాతం దాకా ఉండటం మామూలే. పనల మీద ఆరిన ధాన్యంలో 14 శాతం ఉందనుకుందాం. పచ్చి బరువును 14 శాతం తేమకు మార్చాలంటే 100లోంచి తేమ శాతం తీసేసి, మిగిలినదానితో బరువును గుణించి, 86తో భాగించాలి. మీ 32 బస్తాలకు ఈ లెక్క వేస్తే 32 × 78 ÷ 86 = 29.02. అంటే ఆ మూడు బస్తాలూ నీళ్లే కావచ్చు. తేమ కొలవకుండా తూచేశారు కాబట్టి ఇప్పుడు తేల్చే దారి లేదు.

తేమ సంగతి సరిపెట్టుకున్నా రెండో చిక్కు ఉంది. ఆ రెండెకరాల మధ్య పొటాష్ ఒక్కటే కాదు తేడా. కాలువ వైపు మడికి నీరు, ఒండ్రు ముందు అందుతాయి. మురుగు వైపు మడిలో వాన నీరు రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. గట్టు మీద కొబ్బరి చెట్లుంటే వాటి నీడ ఒక పక్కనే పడుతుంది. ఏమీ వెయ్యకుండా వదిలేసినా ఆ రెండు ఎకరాలు ఒకేలా పండవు. కాబట్టి ముందు తెలుసుకోవలసింది, ఏ తేడా చెయ్యకపోయినా మీ పొలంలో మడికీ మడికీ ఎంత తేడా వస్తుందో. పొటాష్ వల్ల వచ్చిందనుకునేదాన్ని దాని పక్కన పెట్టి చూడాలి.

వచ్చే సార్వాలో ఇలా చెయ్యండి. ఒకే ఎకరంలో 10 మీటర్లు × 20 మీటర్ల మళ్లు పన్నెండు గుర్తించండి. ఒక్కోటి దాదాపు 5 సెంట్లు, మొత్తం 60 సెంట్ల లోపే. వాటిని రెండేసి చొప్పున ఆరు జతలు చెయ్యండి. ఒక జతలోని రెండు మళ్లూ నీరొచ్చే బోదెకు ఒకే దూరంలో, పక్కపక్కనే ఉండాలి. మొదటి జత బోదె దగ్గర, ఆరో జత మురుగు దగ్గర. ఏ మడికి పొటాష్ వెయ్యాలో ప్రతి జతకూ విడిగా నాణెం ఎగరేసి తేల్చండి. “ఇటు బాగుంది, ఇటే వేద్దాం” అనుకున్న క్షణంలో ప్రయోగం పాడైనట్టే. ఆరు జతల్లోనూ ఎడమ వైపే వేసినా అంతే, ఎడమ గట్టు నీడ పొటాష్ లెక్కలో కలిసిపోతుంది.

ఎకరానికి 15 కిలోలంటే 5 సెంట్లకు 750 గ్రాములు. అంత తక్కువ ఎరువు చేత్తో సమంగా పడదు గనక నాలుగైదు రెట్లు పొడి ఇసుక కలిపి చల్లండి. మళ్ల మధ్య గట్టు గట్టిగా ఉండాలి. మన డెల్టాలో నీరు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పారడం అలవాటు. అలా పారితే ఎరువు కూడా నీటితో వెళుతుంది. వేసే ముందు నీరు తీసేసి, వేశాక రెండు రోజులు గండ్లు మూసి ఉంచండి. మిగతావన్నీ, అంటే యూరియా, కలుపు, మందు, కోత తేదీ, రెండు మళ్లకూ ఒకటే కావాలి.

కోత దగ్గర చాలామంది జారిపోతారు. మడి మధ్యలో 5 × 5 మీటర్ల చదరం కొయ్యాలి. 10 మీటర్ల వెడల్పులో మధ్య 5 మీటర్లు తీసుకుంటే రెండు పక్కలా రెండున్నర మీటర్లు వదిలినట్టు. గట్టు వార దుబ్బులకు ఎండ, గాలి ఎక్కువ గనక అవి బాగా పిలకలు వేస్తాయి, వాటిని లెక్కలోకి రానివ్వకూడదు. పొడవు వైపు కూడా రెండు చివరలా రెండున్నరేసి మీటర్లు వదలండి. చదరం ఎక్కడ మొదలవ్వాలో 0 నుంచి 10 వరకు రాసిన చీటీల్లో ఒకటి తీసి, వదిలిన రెండున్నర మీటర్ల తర్వాత నుంచి అన్ని మీటర్లు నడిచి అక్కడ మొదలుపెట్టండి. కళ్లకు బాగా కనిపించినచోట తాడు వేస్తే అది ప్రయోగం కాదు, ప్రదర్శన. తాడు వేశాక మూల నుంచి మూలకు కొలిస్తే రెండు వైపులా 7.07 మీటర్లు రావాలి. రాకపోతే చదరం వంకర పోయినట్టు. తాడు ప్రతి పక్కా పది సెంటీమీటర్లు పెరిగితే 25 చదరపు మీటర్లు కాస్తా 26 అవుతాయి. అంటే 4 శాతం ఎక్కువ, ఎకరానికి 32 బస్తాల మీద బస్తా పైనే. దుబ్బు మొదలు తాడు లోపల ఉంటేనే కొయ్యండి. వెన్ను లోపలికి వంగి, మొదలు బయట ఉంటే వదిలెయ్యండి.

1940లలో మన దేశంలో పంట కోత ప్రయోగాలకు పద్ధతి కుదిరే రోజుల్లో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే ఇదే చూపించారు. కోసే చదరం మరీ చిన్నదైతే అంచు మీది దుబ్బులు లోపలికి వచ్చేసి దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఒక చదరపు మీటరు కోసి ఎకరానికి లెక్కగట్టే అలవాటు ఇప్పటికీ పోలేదు.

నూర్చి, తాలు తూర్పారబట్టి, తూచి, తేమ చూసి, 14 శాతానికి మార్చాక 25 చదరపు మీటర్లకు కిలోల్లో ఇలా వచ్చాయనుకుందాం. ముందున్నది పొటాష్ వేసిన మడి, తర్వాతది వెయ్యనిది.

1వ జత: 14.6, 13.9
2వ జత: 15.2, 14.8
3వ జత: 13.8, 14.0
4వ జత: 14.9, 13.7
5వ జత: 13.1, 12.6
6వ జత: 12.8, 12.4

తేడాలు వరుసగా 0.7, 0.4, మైనస్ 0.2, 1.2, 0.5, 0.4. వీటి సగటు 0.5 కిలో. ప్రతి తేడాలోంచి 0.5 తీసేసి, వర్గం చేసి, కలిపితే 1.04. జతల సంఖ్యలో ఒకటి తగ్గించి, అంటే 5తో భాగిస్తే 0.208. దాని వర్గమూలం 0.456, ఇది ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. దీన్ని 6 వర్గమూలంతో, అంటే 2.449తో భాగిస్తే 0.186. ఇది సగటులో ఉండగల ఊగిసలాట. సగటు 0.5ను 0.186తో భాగిస్తే సుమారు 2.69 వస్తుంది. ఎరువు వల్ల ఏ తేడా లేకపోయినా ఊరికే నూటికి అయిదుసార్లే దాటే హద్దును టి-పట్టిక చెబుతుంది. ఆరు జతలకు ఆ 5 శాతం గీత 2.571. గీత దాటింది, కానీ బొటాబొటీగా.

అంతటితో “పొటాష్ పనిచేసింది” అని సంబరపడక్కర్లేదు. 0.186ను 2.571తో గుణిస్తే 0.48. అసలు తేడా 0.02 నుంచి 0.98 కిలోల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఎకరంలో 25 చదరపు మీటర్ల చదరాలు 162 పడతాయి. ఆ లెక్కన ఎకరానికి సగటు లాభం 81 కిలోలు, బస్తా పైచిలుకు. కింది అంచు నాలుగు కిలోలైనా లేదు, పై అంచు రెండు బస్తాలు. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. కింది అంచు నిజమైతే చేతికొచ్చేది 80 రూపాయలు, దానితో 15 కిలోల పొటాష్ రాదు. సగటు నిజమైతే 1,900 దాకా వస్తుంది, ఎరువు, చల్లిన కూలి పోను మిగులుతుంది. ఇంకో సార్వా ఇలాగే చేసి రెండేళ్ల అంకెలూ కలిపితే ఈ అంచులు దగ్గరపడతాయి.

జతలు ఎందుకు కట్టించామో కూడా ఈ అంకెల్లోనే ఉంది. బోదె దగ్గర 15.2 వస్తే మురుగు దగ్గర 12.4 వచ్చింది. జతలు పట్టించుకోకుండా ఆరు మళ్ల సగటును ఇంకో ఆరు మళ్ల సగటుతో పోలిస్తే ఊగిసలాట 0.186 నుంచి 0.55కి పెరుగుతుంది, 2.69 కాస్తా 0.91 అవుతుంది. అదే ధాన్యం, అదే తేడా. ఒక లెక్కలో కనిపించింది, ఇంకో లెక్కలో మాయమైంది. ఈ టి-పరీక్షను 1908లో “స్టూడెంట్” అనే మారుపేరుతో ప్రకటించిన గోసెట్ గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. ఆయన తిప్పలు కూడా తక్కువ నమూనాలతో, బార్లీ గింజలతోనే.

ప్రశ్న: మా గ్రామంలో సాగు చేసేవాళ్లు 640 మంది. దిగుబడి, ఖర్చు తెలుసుకోవడానికి ఎంతమందిని అడిగితే సరిపోతుంది? పది శాతం అంటున్నారు.
— గ్రామ వ్యవసాయ సహాయకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: పది శాతం అనేది సూత్రం కాదమ్మా, అలవాటు. ఎంతమంది కావాలన్నది ఊళ్లో దిగుబడులు ఎంత చెదిరి ఉన్నాయి, మీకు ఎంత కచ్చితత్వం కావాలి అనే రెండిటి మీద ఉంటుంది. ఎకరా దిగుబడి ప్రామాణిక విచలనం 6 బస్తాలనీ, సగటు ఒకటిన్నర బస్తా అటూఇటూలో తెలిస్తే చాలనీ అనుకుందాం. 1.96ను (నూటికి 95 సార్లు ఆ హద్దులోనే ఉండాలంటే వాడే అంకె) 6తో గుణించి, 1.5తో భాగించి, వర్గం చెయ్యండి. 61.5 వస్తుంది. ఊరు 640 మందే గనక దీన్ని 1 + 61.5 ÷ 640తో, అంటే 1.096తో భాగిస్తే 56 దాటుతుంది, 57 మంది అనుకోండి. అదే ముప్పావు బస్తాలో తెలియాలంటే 178 మంది కావాలి. చేతిలో నెల రోజులే ఉంటే 57 మంది దగ్గర తేమతో సహా సరిగ్గా కొలవడం మేలు. 178 మందిని వీధిలో ఆపి “ఎన్ని బస్తాలు?” అని అడిగితే వచ్చేది అంకెల గుట్టే.

ఎవరిని అడగాలన్నది అంతకన్నా పెద్ద సంగతి. పాసుపుస్తకాల జాబితా తీసుకుంటే కాకినాడలోనో హైదరాబాద్‌లోనో ఉండే భూ యజమానుల పేర్లొస్తాయి, సాగు చేసే కౌలుదారు రాడు. ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-పంట జాబితా మేలు. నోటిమాట కౌళ్లు దానిలోనూ తప్పిపోతాయి గనక ఆ జాబితాను సర్వే నంబర్ల వరుసలో పెట్టి, పేరు అనుమానంగా ఉన్న నంబరుకు పొలం దగ్గరికే వెళ్లి ఎవరు చేస్తున్నారో రాసుకోండి. తర్వాత 1 నుంచి 11 లోపు ఒక చీటీ తీసి, అక్కడి నుంచి ప్రతి పదకొండో పేరూ తీసుకోండి. 58 లేదా 59 మంది వస్తారు. సర్వే నంబర్ల వరుసలో ఉండటం వల్ల కాలువ మొదలు నుంచి శివారు దాకా మనుషులు వాటంతటవే పరుచుకుంటారు.

ఎంపికైన మనిషి ఇంట్లో లేడని పక్కింటాయనను రాసెయ్యకండి. సులువుగా దొరికేవాళ్ల సాగు, దొరకనివాళ్ల సాగు ఒకటి కావు. మూడుసార్లు వెళ్లాకే “దొరకలేదు” అని రాయండి, ఎంతమంది దొరకలేదో నివేదికలో చెప్పండి.

శివారు గురించి విడిగా తెలియాలని అక్కడ ఎక్కువమందిని తీసుకుంటే సగటు కట్టేటప్పుడు భూమి వాటా చూడాలి. కాలువ మొదట్లో 30, మధ్యలో 28, శివారులో 20 బస్తాలు వచ్చాయనుకోండి. మూడూ కలిపి మూడుతో భాగిస్తే 26. ఆయకట్టులో వాటి వాటాలు 45, 35, 20 శాతం అయితే అసలు సగటు 27.3. బస్తాకు పైగా తేడా ఇక్కడే పుట్టింది, ఏ పొలంలోనూ కాదు.

ఇంకో మాట. ఊడ్చి కోయని పొలం, అసలు ఊడ్వని పొలం లెక్కలోకి రాకుండా పోతాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం పాటించారు. అలాంటి ఏడాది “సాగు చేసినవాళ్ల సగటు” చూస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. తుఫానుకు పడిపోయి కోత కూలి కూడా రాదని వదిలేసిన ఎకరాన్ని సున్నా బస్తాలుగా రాయండి, ఖాళీ గడిగా వదలకండి.

ప్రశ్న: మా సంఘంలో 90 మంది లెక్కలు చూస్తే మందు ఎక్కువసార్లు కొట్టినవాళ్లకే దిగుబడి తక్కువ. మందే దిగుబడి తగ్గిస్తోందా?
— రైతు ఉత్పత్తిదారుల సంఘం కార్యదర్శి, మండపేట మండలం

జవాబు: చేనులో దోమ (వరి దుబ్బుల రసం పీల్చే పురుగు) పడినవాడే మందు కొడతాడు, దోమ పడ్డ చేనే తగ్గుతుంది. రెండిటికీ కారణం దోమ. దుబ్బుకు ఎన్ని దోమలున్నాయో మందు కొట్టడానికి ముందు లెక్కపెట్టి ఉంటే, ఒకే స్థాయిలో దోమ ఉన్న పొలాలను తమలో తాము పోల్చవచ్చు. ఆ లెక్క లేకపోతే ఈ అంకెల నుంచి మందు గురించి మంచీ చెప్పలేం, చెడూ చెప్పలేం. వచ్చే పంటకు మీ పట్టికలో ఇంకో గడి పెట్టండి: “మందు కొట్టే ముందు పది దుబ్బుల్లో దోమలు”.

ప్రశ్న: చిన్న కమతాల్లో ఎకరా దిగుబడి ఎక్కువని చదివాం. మా సర్వేలోనూ అలాగే వచ్చింది. నమ్మవచ్చా?
— పరిశోధక విద్యార్థి, భీమవరం

జవాబు: ఈ చర్చ పాతదే, 1962లోనే అమర్త్య సేన్ రాశారు. ఇంటిల్లిపాదీ పనిచేసే చిన్న కమతంలో శ్రద్ధ ఎక్కువన్నది నిజం కావచ్చు. కానీ ముందు విస్తీర్ణం ఎలా తీసుకున్నారో చూడండి. 58 సెంట్లున్నాయన “అరెకరమండీ” అంటాడు. 15 బస్తాలొస్తే మీ కాగితం మీద ఎకరాకు 30, నిజానికి 25.9. దిగుబడిని విస్తీర్ణంతో భాగిస్తాం గనక విస్తీర్ణం తక్కువ చెప్పినవాడు చిన్న రైతుగానూ, మంచి రైతుగానూ ఒకేసారి కనిపిస్తాడు. పదెకరాల్లో ఎనిమిది సెంట్లు అటూఇటూ అయితే ఏమీ కాదు, అరెకరంలో అంతా తారుమారు. నమూనాలో కనీసం మూడో వంతు పొలాలను టేపుతోనో, గట్టు చుట్టూ నడిచి జీపీఎస్‌తోనో కొలిచి, చెప్పినదానికీ కొలిచినదానికీ తేడా పట్టిక వెయ్యండి. మరీ చిన్న మళ్లకు ఫోన్ జీపీఎస్‌ను నమ్మకండి, కొన్ని మీటర్ల పొరపాటే అక్కడ పెద్దదవుతుంది. ఆ పట్టిక వేశాక కూడా సంబంధం నిలిస్తే అప్పుడు వ్యాసం రాయండి.

ప్రశ్న: ప్రకృతి సాగు రైతులు 30 మంది, మామూలు సాగు రైతులు 30 మంది. ఎకరా నికర ఆదాయం 19,000, 13,500 వచ్చింది. 5,500 తేడా పద్ధతి వల్లేనని రాయవచ్చా?
— వ్యవసాయ డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ 30 మంది ప్రకృతి సాగులోకి రాకముందు ఎలా ఉన్నారు? సొంత భూమి, ఆవు, నీటి వసతి, శిక్షణకు వెళ్లే తీరిక ఉన్నవాళ్లే ఏ కొత్త పద్ధతికైనా ముందు వస్తారు. మారక ముందు ఏడాది వాళ్ల ఆదాయం 14,000, మిగతావాళ్లది 10,000 అనుకోండి. నాలుగు వేల తేడా అప్పటికే ఉంది. వీళ్లు 5,000 పెరిగారు, వాళ్లు 3,500 పెరిగారు. పద్ధతి ఖాతాలో వెయ్యగలిగింది 1,500. పాత ఖాతా పుస్తకాలు దొరక్కపోతే సహకార సంఘం, ధాన్యం కొనుగోలు రసీదుల నుంచైనా పాత బస్తాలు తెలుసుకోండి. మూడేళ్ల కిందటి ఖర్చు జ్ఞాపకం మీద చెప్పమంటే ఎవరైనా నేటి ధరలే చెబుతారు.

ఈ లెక్కకూ ఒక షరతు ఉంది. పద్ధతి మారకపోయి ఉంటే రెండు గుంపులూ ఒకే తీరుగా పెరిగేవని మనం అనుకుంటున్నాం. ఒక గుంపు కాలువ మొదట్లో, ఇంకో గుంపు ఉప్పునీరు ఎగదన్నే అల్లవరం వైపు ఉంటే ఆ అనుకోవడం చెల్లదు. ఒకే పిల్ల కాలువ కింద ఉన్నవాళ్లను పోల్చండి, కానీ గట్టు పంచుకునే పక్క చేను వద్దు. అటు కొట్టిన మందు ఇటూ పడుతుంది.

మీ 60 మంది ఎన్ని ఊళ్లవాళ్లు? ఊరికి ముప్పై మంది చొప్పున రెండు ఊళ్లే అయితే మీ చేతిలో 60 విడి సాక్ష్యాలు లేవు. ఒకే ఊరివాళ్లకు వానా, నీరూ, వ్యాపారీ ఒకటే. ఒక ఊరివాళ్ల మధ్య పోలిక (ఏ పోలికా లేకపోతే 0, అచ్చం ఒకటే అయితే 1) 0.1 మాత్రమే అనుకున్నా, ఊరికి 30 మందిలో ఒకరిని తగ్గించి లెక్క వేస్తే 1 + 29 × 0.1 = 3.9. అరవైని దానితో భాగిస్తే 15. పదిహేను మందితో చేసిన సర్వే బలమే మీకుంది. అదే 60 మందిని పన్నెండు ఊళ్ల నుంచి అయిదుగురేసి తీసుకుంటే ఆ భాజకం 1.4కి దిగి 43 మంది బలం వస్తుంది. బస్సు చార్జీలు పెరుగుతాయి, అంతే. ఒక ఊరంతా ప్రకృతి సాగు, ఇంకో ఊరంతా మామూలు సాగు అయితే మాత్రం ఏ సూత్రమూ కాపాడదు, మీరు పోల్చింది రెండు ఊళ్లను.

ప్రశ్న: లంక భూమిలో అరటిలో కంద వేస్తున్నాం. ఒడ్డున కొబ్బరి తోట ఉంది, దానికీ ఎరువు మార్చి చూడాలని ఉంది. రెండు పంటల లాభాన్ని ఒక అంకెలో ఎలా చెప్పాలి?
— రైతు, పి.గన్నవరం మండలం

జవాబు: భూమి వరకు అయితే ఎల్‌ఈఆర్ (ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో) అనే నిష్పత్తి ఉంది. కలిపి వేసినప్పటి అరటి దిగుబడిని విడిగా వేసినప్పటి అరటి దిగుబడితో భాగించండి, కందకూ అలాగే చేసి రెండూ కలపండి. 0.8, 0.5 వస్తే 1.3. ఒక ఎకరంలో కలిపి పండించినంత విడివిడిగా పండించాలంటే ఎకరం ముప్పై సెంట్లు కావాలని అర్థం. కందకు విత్తన దుంప బరువు చాలా పడుతుంది, దాన్ని దిగుబడిలోంచి తీసెయ్యకపోతే అంకె ఊరికే ఉబ్బుతుంది. విడి పంట దిగుబడి కూడా అదే లంకలో, అదే ఏడాది, దాని సొంత దూరంలో వేసినదై ఉండాలి. పక్కాయన చేనులో సరిగ్గా పండని కందతో భాగిస్తే మీ కంద బ్రహ్మాండంగా కనిపిస్తుంది. ఈ నిష్పత్తికి రావులపాలెం మార్కెట్ ధర తెలియదు, కూలి తెలియదు. పక్కనే ఎకరాకు మిగిలిన రూపాయలు, ఇంటివాళ్ల పనిదినానికి మిగిలిన రూపాయలు రాయండి.

కొబ్బరి సంగతి వేరు. పూగెల మొలక మొదలైన నాటి నుంచి కాయ ముదిరే దాకా దాదాపు 44 నెలలు. ఈ ఏడాది వేసిన ఎరువుకు ఈ ఏడాది కాయలు జవాబు చెప్పవు. పైగా ఒక తోటలోనే ఒక చెట్టు 40 కాయలిస్తే పక్కది 120 ఇస్తుంది. అందుకని ఎరువు మార్చే ముందు ఏడాదో రెండేళ్లో ప్రతి చెట్టుకూ నంబరు రాసి, ప్రతి దింపులో కాయలు లెక్కపెట్టండి. పాత దిగుబడి దగ్గరగా ఉన్న చెట్లను జతలు కట్టి, చీటీ తీసి ఒకదానికి వెయ్యండి. రెండింటి మధ్య ఏమీ వెయ్యని చెట్ల వరుస ఒకటి వదలండి, వేళ్లు పక్క పళ్లెంలోకి పాకుతాయి. అన్నేళ్లు ఆగే ఓపిక లేకపోతే మొదలుపెట్టకపోవడమే మంచిది.

ప్రశ్న: దాళ్వాకు (రబీకి) కొత్త రకం బస్తా తక్కువ పండుతుంది కానీ పడిపోదంటున్నారు. నేను కౌలుదారుని, మక్తా (యజమానికి ఇచ్చే కౌలు) ఎకరాకు 16 బస్తాలు. సగటు ఎక్కువున్నదే వేసుకోవాలా?
— కౌలు రైతు, ఉండి మండలం

జవాబు: మీకు సగటు ఒక్కటే చూపించి రకం అమ్మేవాళ్లను నమ్మకండి. పాత రకం సగటు 40 బస్తాలు, ఏడాదికీ ఏడాదికీ ప్రామాణిక విచలనం 6 అనుకుందాం. ఖర్చు 32,000. పైన చెప్పిన 2025-26 మద్దతు ధరకు బస్తా 1,777 రూపాయలు గనక అది 18 బస్తాలు. మక్తా 16, ఖర్చు 18 పోతే మిగిలేది 6 బస్తాలు. దిగుబడిలో ఊగిసలాట 15 శాతమే, కానీ మక్తా మాత్రం పంట తగ్గినా తగ్గదు. ఆ ఆరు బస్తాల ఊపంతా మీకు మిగిలే ఆరు బస్తాల మీదే పడి నూటికి నూరు శాతం అవుతుంది. సగటు దగ్గర ఎక్కువ ఏడాదులు, దూరం పోయేకొద్దీ తక్కువ ఏడాదులు పడే గంట ఆకారపు పంపిణీ ప్రకారం సుమారు ఆరు దాళ్వాల్లో ఒకటి నష్టం.

కొత్త రకం సగటు 39, విచలనం 3 అయితే మిగిలేది 5. నష్టం రావాలంటే దిగుబడి సగటు కన్నా 5 బస్తాలు, అంటే విచలనానికి ఒకటిన్నర రెట్లు పైగా పడిపోవాలి. అది ఇరవై దాళ్వాల్లో ఒకటి. భూ యజమానే సాగు చేస్తే పాత రకంలో ఆయనకు 22 మిగులుతాయి, ఆరు బస్తాల ఊపు ఆయనకు లెక్కే కాదు, 40 రకమే ఆయనకు లాభం. ఒకే పొలం, ఒకే రెండు రకాలు. మీకు ఒక జవాబు, ఆయనకు ఇంకో జవాబు.

జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. ఇక్కడి 6, 3 అనేవి ఏడాదుల మధ్య ఊగిసలాట, ఒక ఏడాదిలో మళ్ల మధ్యది కాదు. ప్రదర్శన క్షేత్రంలో ఒక్క పంట చూసి ఇది తెలియదు. మీ కాలువ కిందే ఆ రకం వేసినవాళ్ల అయిదారు దాళ్వాల అంకెలు కావాలి, అన్ని ఉన్నా విచలనం ఉజ్జాయింపే. రెండోది, శివారుకు చివరి తడి అందని ఏడాది దిగుబడి నాలుగైదు బస్తాలు కాదు, సగానికి పడుతుంది. గంట ఆకారం అలాంటి పతనాన్ని చూపించదు గనక నష్టం అవకాశం పైన చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే అనుకోండి. ఖర్చు రాసేటప్పుడు మీ ఇంటివాళ్ల పనిని కూడా ఊళ్లో కూలి ధరకు వేసి విడి వరుసలో రాయండి. ప్రభుత్వ లెక్కల్లో చేతి ఖర్చూ, మక్తా, ఇంటి కూలీ కలిపినదాన్ని ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అంటారు. మక్తా తగ్గించమని మాట్లాడేటప్పుడు అంతకన్నా మంచి కాగితం ఉండదు.

ప్రశ్న: ఈ టి-పరీక్ష ఫోన్‌లో చెయ్యవచ్చా?
— రైతు, ఆచంట మండలం

జవాబు: చెయ్యవచ్చు. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ వేసిన మళ్ల అంకెలు ఒక నిలువు వరుసలో, వెయ్యనివి పక్క వరుసలో జతలు తప్పకుండా పెట్టండి. టి.టెస్ట్ అనే సూత్రంలో రెండు వరుసలూ ఇచ్చి, మూడో అంకె 2, నాలుగో అంకె 1 ఇవ్వండి. ఆ 1 అంటే జతలని చెప్పడం. మొదటి ప్రశ్నలోని పొటాష్ అంకెలకు 0.04 వస్తుంది, అంటే ఏ తేడా లేకపోయినా ఊరికే ఇలా కనిపించే అవకాశం నూటికి నాలుగే. పొరపాటున నాలుగో అంకె 2 ఇస్తే 0.38 చూపిస్తుంది, మీ ఏడాది కష్టమంతా “తేడా లేదు” అయిపోతుంది. అంకెలు ఎక్కించే ముందు తేమ సవరణ వరుస ఒకటి విడిగా పెట్టుకోండి, పచ్చి బరువు చెరిపెయ్యకండి.